కడగని కన్ను

రోజూ పొద్దున లేవగానే సరళ చేసే మొదటి పని అద్దం ముందు నిలబడి కింది కనురెప్పను బొటనవేలితో కిందికి లాగి చూసుకోవడం. ముందు ఎడమది, తర్వాత కుడిది. పళ్ళు తోముకోకముందే, ముఖం మీద చుక్క నీళ్ళు పడకముందే ఈ పని అయిపోవాలి. రెప్ప లోపల లేత గులాబీ రంగు ఉంటే ఆ రోజు పనికి పోవచ్చు. ఎర్రజీరలు కనిపిస్తే గడప దాటకూడదు.

ఇది చూస్తే ఇంటామె ఐలమ్మకు నవ్వు. సూర్యాపేటలో సరళ కిరాయికి ఉంటున్నది ఐలమ్మ డాబా మీది గది. అద్దం మాత్రం కింద నీళ్ళ పంపు పక్కన గోడకు వేలాడుతుంది. “రోజు గట్ల గుడ్లు తెరిసి ఏం సూస్తవే? పెండ్లిసూపులున్నయా ఏంది?” అంటుంది ఐలమ్మ. సరళ నవ్వి ఊరుకుంటుంది. జవాబు చెప్పాలంటే చాలా దూరం పోవాలి. కోదాడ పక్క చిలుకూరు దగ్గర వాళ్ళ నాయిన గొర్రెల దొడ్డి దాకా పోవాలి.

సరళ తండ్రి పరశురాములుకు నూటపాతిక జీవాలు. తెల్లవారుతుండగా దొడ్డిలోకి పోయి, రోజుకో ఇరవై చొప్పున, గొర్రె గదవ పట్టుకుని తల పైకెత్తి కింది రెప్ప లాగి చూస్తాడు. లోపల తెల్లగా పాలిపోయి ఉంటే కడుపులో పురుగులున్నట్టు. ఎర్రగా ఉండి పుసి కడుతుంటే మందకంతా అంటుకునే కలక మొదలైనట్టు. అలాంటిదాన్ని వెంటనే విడిగా కట్టేస్తాడు. చిన్నప్పుడు సరళ లాంతరు పట్టుకుని ఆయన వెంట తిరిగేది. కన్ను చూడటం ఆమెకు అక్షరాలకంటే ముందు వచ్చింది.

అక్షరాలు వచ్చాక ఇంకొకటి కూడా వచ్చింది. కోదాడలో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు పక్కన కూచున్న అమ్మాయి ఒకరోజు ముక్కు మూసుకుని లేచి వెనక బెంచీకి పోయింది. ఏమీ అనలేదు, పోయింది, అంతే. ఆ రోజు నుంచి సరళ రోజుకు రెండు పూటలా స్నానం చేసింది. పుస్తకాల సంచీలో సబ్బుబిళ్ళ పెట్టుకుంది. మిర్యాలగూడలో లాబ్ టెక్నీషియన్ కోర్సు చదివినా, అక్కడే ఒక రక్తపరీక్షల సెంటర్లో మూడేళ్ళు పనిచేసినా, ఎవరి పక్కనైనా కూచోబోయే ముందు ఒకసారి తన చున్నీని వాసన చూసుకునే అలవాటు పోలేదు. ఈ అలవాటు సంగతి ఐలమ్మకు తెలియదు.

ఇప్పుడు ఆమె పనిచేసేది సూర్యాపేటలోనే ఒక కంటి ఆస్పత్రి పై అంతస్తులో, నాలుగు గదుల పరిశోధనశాలలో. అక్కడ జరిగే పని చెప్పడానికి కష్టమైనది కాదు. కండ్లకలక వస్తే డాక్టర్లు చుక్కల మందు రాస్తారు. ఆ చుక్కలు మంటను తగ్గిస్తాయి. కానీ ఎక్కువగా ఆ జబ్బును తెచ్చే వైరస్‌ను పట్టి ఆపే మందు మాత్రం ఇంకా చేతికి రాలేదు. రెండు వారాలకు దానంతట అదే తగ్గుతుంది గనుక జనం పెద్దగా పట్టించుకోరు. అయితే కొందరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చలు మిగిలి నెలల తరబడి చూపు మసకగా ఉండిపోతుంది. చదువుకునే పిల్లలు పుస్తకం ముక్కుకు ఆనించుకుంటారు. లారీ నడిపేవాళ్ళు రాత్రి పూట బండి తీయలేరు.

అందుకని ఆ నాలుగు గదుల్లో మందుల కోసం వెతుకులాట సాగుతుంటుంది. అరచేయంత ప్లాస్టిక్ పలక, దానిలో తొంభై ఆరు చిన్న చిన్న గుంటలు. ఒక్కొక్క గుంటలో మనిషి కణాలను పలుచటి పొరలాగా పెంచుతారు. వాటి మీద వైరస్ వేస్తారు. ఇతర జబ్బులకు ఇప్పటికే వాడుతున్న మందులను ఒక్కొక్కటీ ఒక్కొక్క వరుసలో వేసి చూస్తారు. కణాలు బతికితే మందుకు ఏదో బలం ఉన్నట్టు. వైరస్ కాకుండా మందే కణాలను చంపితే దాన్ని పక్కన పడేయాల్సిందే. ఆ కణాలకు రెండు రోజులకొకసారి ఆహారం మార్చాలి, వెచ్చగా ఉంచాలి, దుమ్ము పడనీయకూడదు. సరళకు ఆ గది మీద ప్రాణం. మంద మేపినట్టే ఉంటుందని మనసులో అనుకునేది గానీ, పైకి ఎవరితోనూ అనలేదు.

కానీ ఆమె ఉద్యోగం ఆ గదిలోది కాదు. వారానికి రెండు రోజులు మాత్రమే అక్కడ పని నేర్చుకోనిస్తారు. మిగతా రోజుల్లో ఊళ్ళు తిరిగి, కండ్లకలక వచ్చినవాళ్ళ దగ్గర నమూనాలు తేవాలి. కింది రెప్ప లోపల దూదిపుల్లతో సుతారంగా రాసి, దాన్ని గులాబీ రంగు ద్రవం ఉన్న చిన్న సీసాలో వేసి, ఐస్ డబ్బాలో పెట్టుకుని తేవాలి. పరిశోధనశాల పెద్ద డాక్టర్ లీలావతి. కోదాడ మనిషి, యాభై దాటింది, మాట మెత్తన, పట్టుదల గట్టిది. ఎక్కడో ఏనాడో పట్టిన వైరస్‌ను కొని తెచ్చి దాని మీద మందులు పరీక్షించడం ఆమెకు ఇష్టం లేదు. ఈ చుట్టుపక్కల, ఈ వానాకాలం మనుషుల కళ్ళలో తిరుగుతున్న వైరస్సే కావాలంటుంది.

పోయిన వానాకాలం కండ్లకలక బాగా వచ్చింది. మిర్యాలగూడ వైపు నమూనాలు తెచ్చే పని ఉపేందర్‌ది. అక్కడ ఆస్పత్రికి వచ్చేవాళ్ళు వారం పది రోజులు మెడికల్ షాపు చుక్కలు వేసుకుని, తగ్గకపోతే వచ్చేవాళ్ళు. వాళ్ళ కళ్ళలో దొరికేది తక్కువ. అప్పుడే మఠంపల్లి దాటాక ఒక తండాలో ఇంటింటికీ కలక అంటుకుందని కబురొచ్చింది. అక్కడి ఆశా కార్యకర్త జ్యోతి ఫోన్లో సరళతో మాట్లాడింది. మొదట సున్నపురాయి లారీల దుమ్మే అనుకున్నారట, తర్వాత పిల్లలందరికీ ఒకరి వెనక ఒకరికి వచ్చిందట. కొత్త జబ్బు, తాజా కళ్ళు. ఇంతకంటే మంచి చోటు దొరకదని లీలావతి సరళను పంపింది.

అయిదు వారాలు సరళ ప్రతి మంగళవారం పోయింది. హుజూర్‌నగర్ దాకా బస్సు, అక్కడి నుంచి సైదులు షేర్ ఆటో. తండాలో గౌరీబాయి ఇంటి ముందు వేపచెట్టు నీడన మంచం వేసేవాళ్ళు. గౌరీబాయి ఆ తండాలో పెద్ద మనిషి. అరవై ఏళ్ళుంటాయి. ఆమె పిలిస్తే పిల్లలు వచ్చి వరుసగా కూచునేవాళ్ళు. ఏడవకుండా కన్ను తెరిచేవాళ్ళు. అంత మర్యాదగా నమూనాలు ఇచ్చిన ఊరు ఇంకోటి లేదని సరళ లాబ్‌లో చెప్పుకుంది కూడా.

పందొమ్మిది నమూనాలు తెచ్చింది. ఒక్కటీ పెరగలేదు.

కణాల పొర మీద వేసి రోజులకు రోజులు ఎదురు చూసినా కణాలు చెక్కుచెదరకుండా అలాగే ఉన్నాయి. పీసీఆర్ పరీక్షలో నాలుగైదింట్లో వైరస్ సన్నటి జాడ కనిపించింది. ఆ జాడే సరళ మెడకు చుట్టుకుంది.

లీలావతి ఆమెను పిలిచి కూచోబెట్టి మెల్లగా చెప్పింది. “జాడ ఉందంటే కళ్ళలో వైరస్ ఉన్నమాట నిజమే. ఇక్కడికి వచ్చేసరికి బతికి ఉండటం లేదు. మధ్యలో ఏదో జరుగుతోందమ్మా.”

మధ్యలో అంటే ఇంకేముంది? బస్సులో, ఆటోలో నాలుగు గంటలు ఐస్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని వచ్చే సరళ ఉంది. నెలాఖరు దాకా చూద్దామంది లీలావతి. అప్పటికీ పెరగకపోతే నమూనాల పని ఆపేసి బయటినుంచి వైరస్ తెప్పించుకోవడం తప్పదు. నమూనాల పని ఆగితే సరళ కొలువూ ఆగుతుంది. ఈ మాట లీలావతి అనలేదు, సరళా అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

మెట్ల దగ్గర ఉపేందర్ ఎదురుపడి, “నిజం చెప్పు సరళా, ఐస్ డబ్బాల పెడుతున్నవా, టిఫిన్ డబ్బాల పెడుతున్నవా?” అన్నాడు. అతను ఎప్పుడూ అలాగే మాట్లాడతాడు, మనసులో ఏమీ ఉండదు. అయినా ఆ రోజు సరళకు అన్నం సహించలేదు.

ఆదివారం చిలుకూరు పోయింది. ఏమైందని తల్లి జంగమ్మ రెండుసార్లు అడిగితే పని ఎక్కువైందని చెప్పి తప్పించుకుంది. తెల్లవారుజామున నిద్ర పట్టక దొడ్డి దగ్గరికి పోతే తండ్రి అప్పటికే గొర్రెల నడుమ వంగి ఉన్నాడు. జర ఎండ పొడిచినాక చూస్తే మంచిగ కనపడుతుంది కదా నాయినా అంది సరళ, ఏదో ఒకటి మాట్లాడాలని.

“ఎండ పొడిసినంక ఏం గనవడతది?” అన్నాడు పరశురాములు తల ఎత్తకుండానే. “లేసినవి లేసినట్టు సూడాలె. నీళ్ళల్ల మూతి వెట్టినంక అన్ని మంచిగనే ఉంటయ్. రోగం ఉన్నది గూడ మంచిదాని లెక్కనే నిలవడతది.”

ఆ మాట విని సరళ ఏదో గొప్ప సంగతి కనిపెట్టిందని కాదు. ఐస్ కరుగుతోందని అందరూ అంటున్నారు గదా, మొదటి బస్సుకు పోయి చల్లటి పూటే తిరిగి వస్తే తేడా తెలుస్తుందని మాత్రం అనుకుంది.

మంగళవారం ఎప్పుడూ పదకొండుకు చేరేది ఆ రోజు ఏడున్నరకే తండాలో ఆటో దిగింది. గౌరీబాయి వాకిట్లో పిల్లలు బారుగా నిలబడి ఉన్నారు. గౌరీబాయి పీట మీద కూచుని ఉంది. ఎదురుగా సత్తు గిన్నెలో చిక్కటి పసుపు నీళ్ళు, పక్కన చింపిన తెల్లగుడ్డ పేలికలు. ఒక్కొక్కరిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, పేలిక ముంచి, రెప్పల సందులు, మూలలు, వెంట్రుకల మొదళ్ళు వదలకుండా కడుగుతోంది. ఒకసారి కాదు, రెండుసార్లు. కడిగించుకున్నవాళ్ళు పోయి వేపచెట్టు కింద మంచం మీద సర్దుకుని కూచుంటున్నారు, పెండ్లికి తయారైన వాళ్ళలాగా.

సరళను చూసి ఆమె నొచ్చుకుంది. “గింత పొద్దుగాల్నే వచ్చినవేంది బిడ్డా? మేమింక తయారు గాలేదు.”

“ఏం జేస్తున్నవ్ అవ్వా?”

“కండ్లు గడుగుతున్న. నువ్వొచ్చే దినం గదా.”

“నేనొచ్చే ప్రతి దినం గిట్లనే కడుగుతున్నరా?”

“మరి? పరాయి మనిషి వచ్చి మొహంల మొహం వెట్టి సూస్తది. పుసికండ్లతోటి ఎట్ల కూసుంటం?” అంది గౌరీబాయి, ఇందులో అడగడానికి ఏముందన్నట్టు. “జ్యోతి గూడ చెప్పింది. మేడమ్ వస్తది, అందరు శుభ్రంగ ఉండుండ్రని.”

అంతలో జ్యోతి వచ్చింది. సరళ ముఖం చూసి బెదిరి, నువ్వే గదా సరళక్కా మొదటిసారి ఫోన్లో అట్ల చెప్పమన్నవ్ అంది.

నిజమే. సరళకు తల కొట్టేసినట్టయింది. ఆ ఫోను ఆమెకు గుర్తుంది. పిల్లల్ని శుభ్రంగా ఉంచమను అని తనే చెప్పింది. ఏ కాగితంలోనూ ఆ మాట లేదు. ఎవరూ చెప్పమనలేదు. తను ఏ ఇంటికి పోబోయినా ముందు తన చున్నీ వాసన చూసుకునే మనిషి గనుక, ఎదుటివాళ్ళకు ఆ సిగ్గు రాకూడదని చెప్పింది. మేలు చేస్తున్నాననుకుంది. రోజూ పొద్దున నీళ్ళు తగలకముందే తన కన్ను చూసుకునే తనకు, ఈ పిల్లల కళ్ళు కడిగి ఉన్నాయన్న అనుమానమే రాలేదు. దూదిపుల్లలకు అంటిన పసుపు ఛాయ కూడా అప్పట్లోనే కళ్ళబడింది. అది చీము రంగే అనుకుని, పందొమ్మిది కాగితాల్లోనూ పసుపుపచ్చటి స్రావం అని తన చేత్తోనే రాసింది.

ఐస్ డబ్బా మంచం మీద పెట్టింది. తర్వాత గౌరీబాయికి ఉన్న సంగతి చెప్పింది. ఆ పుసిలోనే తమకు కావలసింది ఉందని, రేపు ఎవరో ఒకరు కడగకుండా కన్ను చూపిస్తే చాలని బతిమిలాడింది.

గౌరీబాయి గిన్నెలో నీళ్ళు వాకిట్లో పారబోసి, చేతులు తుడుచుకుని, గట్టిగా తల అడ్డంగా ఊపింది.

“పొయినేడు కండ్ల క్యాంపు అని ఎవరో పట్నపోళ్ళు వచ్చిండ్రు. మా పిల్లలవి ఫోటోలు దీస్కున్నరు. మందుకోసమేమో అనుకున్న. నెల దినాలకు ఆ ఫోటో తిరిగి తిరిగి నా కొడుకు జవహర్ ఫోన్లకే వచ్చింది. నా మనవరాలి మొహం. గుడ్ల నిండ పుసి, ముక్కు నిండ చీమిడి. తండలల్ల మొహం గూడ కడుక్కోరని కింద రాసిండ్రట. వాడే సదివి చెప్పిండు.” ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. “ఇంకేమన్న అడుగు బిడ్డా. గది మాత్రం అడగకు.”

సరళ ఇక అడగలేదు. వెనక బెంచీకి లేచిపోయిన అమ్మాయి వీపు ఆమెకు ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఆ రోజు ఒక్క నమూనా కూడా తీయకుండా తిరిగి ఆటో ఎక్కింది. హుజూర్‌నగర్ బస్టాండులో డబ్బా మూత తీసి చూస్తే ఐస్ రాయిలాగా ఉంది.

నేరేడుచర్ల నుంచి వచ్చిన బియ్యం లారీలు రోడ్డంతా ఆపేస్తే బస్సు చాలాసేపు కదలలేదు. ఆలోచించుకోవడానికి కావలసినంత వ్యవధి దొరికింది. ఐస్ కరిగిందని ఒప్పుకుంటే చాలు. కొత్త డబ్బా తెప్పిస్తారు, ఇంకో వారం గడువిస్తారేమో కూడా. జ్యోతి సరిగా చెప్పలేదన్నా నమ్ముతారు. నా నోటితో నేనే చెప్పి పందొమ్మిది నమూనాలు పాడుచేశానంటే మాత్రం ఆ తర్వాత మాట్లాడటానికి ఏమీ ఉండదు. సూర్యాపేట బస్టాండులో దిగి ఇంటికి పోకుండా నేరుగా లాబ్‌కు పోయింది. ఆలస్యం చేస్తే ధైర్యం చాలదని భయం.

లీలావతి అంతా విన్నది. కాగితాలు తెప్పించి, పసుపుపచ్చటి స్రావం అని రాసిన చోట వేలు పెట్టి ఒక్కొక్కటీ చూసింది. కడగడంతో వైరస్ కొట్టుకుపోయిందో, పసుపు వల్ల బలం తగ్గిందో ఈ నమూనాలను బట్టి చెప్పలేమంది. గుమ్మంలో నిలబడి వింటున్న ఉపేందర్ ఆగలేక, “అయితె మందు దొరికినట్టే గద మేడమ్, పసుపు నీళ్ళు” అన్నాడు.

“పిల్లల కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి కదయ్యా” అంది లీలావతి. తర్వాత సరళ వైపు తిరిగింది. “నువ్వు చెప్పకపోతే నేను ఐసునే అనుమానించేదాన్ని. వచ్చే ఏడాది కూడా ఇవే తప్పుడు నమూనాలు తెచ్చుకునేవాళ్ళం. నెలాఖరు శనివారం, అప్పటిదాకా టైముంది. కడగని కన్ను ఒకటి తీసుకురా. బలవంతం మాత్రం చేయొద్దు.”

గురువారం పొద్దున సరళ అద్దం ముందు నిలబడి ఎడమ రెప్ప లాగింది. లోపలంతా ఎర్రజీరలు. రెప్పలు రెండూ అంటుకుపోయి ఉంటే వేళ్ళతో విడదీసుకోవాల్సి వచ్చింది. మూలన పుసి కట్టి ఉంది.

పద్నాలుగు రోజులు లాబ్ గడప తొక్కకూడదు, బస్సు ఎక్కకూడదు. లీలావతికి ఫోన్ చేసి చెప్పింది. తన కంటి నుంచే నమూనా తీయొచ్చా అని ఆశగా అడిగింది. కుదరదంది లీలావతి. లాబ్‌లో పనిచేసేవాళ్ళ నమూనాలు వాడకూడదని పరిశోధనకు ఇచ్చిన అనుమతి కాగితంలో స్పష్టంగా ఉంది. కావలసిన వైరస్ కంట్లోనే ఉన్నా సరళకు దానితో ఉపయోగం లేకపోయింది. పుసి కట్టిన కంటితో డాబా మెట్ల మీద కూచుండిపోయింది.

ముఖం కడుక్కుందామని లేచి పంపు దాకా పోయింది. చెంబు నిండింది. చెంబు ఎత్తబోయి, ఆగి, కింద పెట్టి, తడి తగలకుండానే గదిలోకి వచ్చి జ్యోతికి వీడియో కాల్ చేసింది. గౌరీబాయి దగ్గరికి పొమ్మంది.

ఫోను తెరలో గౌరీబాయి కనిపించేసరికి సరళ చేయి దానంతట అదే కంటి మీదికి పోయింది. రోజుకు రెండు పూటలా స్నానం చేసే మనిషి, దువ్వుకోని తలతో, పుసి కట్టిన కంటితో ఇంతవరకు తల్లికి కూడా కనిపించలేదు. చేయి తీసేసింది. ఫోను దగ్గరికి జరిపి, రెప్ప కిందికి లాగి చూపించింది.

గౌరీబాయి చాలాసేపు చూసింది.

“ఎప్పటిసంది?”

“ఇయ్యాల్నే అవ్వా.”

“కడుక్కోలేదా?”

“కడుక్కోలే. నీకు సూపెడ్దామని గట్లనే ఉన్న.”

అవతలి వైపు ఎవరో పిల్ల కిసుక్కున నవ్వింది. గౌరీబాయి ఆ పిల్లను కసిరి, తనూ నవ్వు ఆపుకోలేకపోయింది. “నీ మొహం గూడ మా లెక్కనే ఉన్నది బిడ్డా” అంది. కాసేపటికి నవ్వు పోయింది. “ఫోటో దియ్యరు గద?”

“తియ్యరు అవ్వా. పేరు గూడ ఉండది. సీసా మీద ఒక నంబరు, గంతే.”

“అయితె ముందుగాల నాది దియ్యుండ్రి. నాదేమన్న అయితె అయింది. పిల్లలది తర్వాత సూద్దాం.”

రెండు రోజులుగా తన కన్ను కూడా మండుతోందని, ఎవరికీ కనపడకుండా కొంగుతో తుడుచుకుంటున్నానని అప్పుడు చెప్పింది.

శుక్రవారం తెల్లవారుజామున, ముందురోజు ఉపేందర్ సైదులు ఆటోలో పంపిన ఐస్ డబ్బా, సీసాలు పక్కన పెట్టుకుని జ్యోతి ఫోనును కిటికీలో నిలబెట్టింది. గౌరీబాయి నిద్ర లేచింది లేచినట్టే వచ్చి మంచం మీద కూచుంది. వీధి తలుపు మాత్రం వేయించింది. ముందు రెండు చేతులూ సబ్బుతో కడుక్కుని తొడుగులు వేసుకోమని, రెప్పను కిందికి ఎంత లాగాలో, దూదిపుల్లను ఎంత మెల్లగా తిప్పాలో, సూర్యాపేట నుంచి సరళ ఒక్కొక్క మాటే చెబుతుంటే జ్యోతి చేసింది. పుల్లను కంటికి ఆనించడానికి ఆమె వెనకాడితే గౌరీబాయే ఆ మణికట్టు పట్టుకుని దగ్గరికి తెచ్చుకుంది. అవ్వ కూచున్నాక మనవరాలూ కూచుంది. ఆ తర్వాత పక్కింటివాళ్ళు ఇద్దరు. నాలుగు సీసాలు. ఇరవై నుంచి ఇరవై మూడు దాకా నంబర్లు.

వాటిని సైదులు తన ఆటోలో వేరే ఎవరినీ ఎక్కించుకోకుండా హుజూర్‌నగర్ తెచ్చాడు. ముందురోజే అక్కడ చుట్టాలింటికి చేరి ఉన్న ఉపేందర్ డబ్బా అందుకుని బండి మీద బయల్దేరాడు. పది కాకముందే నమూనాలు లాబ్‌లో ఉన్నాయి. పని కాగానే ఉపేందర్ సరళకు ఫోన్ చేసి, “టిఫిన్ డబ్బాల తెచ్చిన, నువ్వేం పరేషాన్ గాకు” అన్నాడు.

ఆ పద్నాలుగు రోజులూ ఐలమ్మ అన్నం పళ్ళెం గడప మీద పెట్టి దూరంగా జరిగేది. పంపు పక్కన ఉన్న అద్దాన్ని తీసి డాబా మీద పెట్టించింది. ఒక పూట గిన్నెలో పసుపు నీళ్ళు, తెల్లగుడ్డ పేలిక కూడా పెట్టింది. తుడుచుకోవే, మంట తగ్గుతది అంది. నమూనా ఇవ్వాల్సిన కన్ను కాదు గనుక సరళ కాదనలేదు. మంట తగ్గలేదు గానీ, పెట్టినామె మనసుకు హాయిగా ఉంటుందని తగ్గిందని చెప్పింది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఉపేందర్ ఒక ఫోటో పంపాడు. సూక్ష్మదర్శినిలోంచి తీసింది. కింద ఏమీ రాయలేదు. సరళ మసక కళ్ళతో ఫోనును దగ్గరికీ దూరానికీ జరుపుకుంటూ చూసింది. చాప పరిచినట్టు ఉండాల్సిన కణాల పొర చెదిరిపోయి ఉంది. కణాలు గుండ్రంగా ఉబ్బి, అక్కడో గుంపు, ఇక్కడో గుంపుగా దగ్గరికి చేరాయి. పుస్తకాల్లో దీన్ని ద్రాక్ష గుత్తులతో పోలుస్తారు. సరళకు మాత్రం ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తలలు ఒకదాని కింద ఒకటి దాచుకుని గుంపులుగా నిలబడే నాయిన గొర్రెలు కనిపించాయి. వైరస్ పెరిగింది. ఫోటో మూలన నంబరు చూసింది. ఇరవై ఒకటి.

ఆ నంబరు గౌరీబాయిదో, మనవరాలిదో, ఇంకొకరిదో లాబ్‌లో ఎవరికీ తెలియదు. సరళకు తెలుసు. చెప్పకూడదు. ఆ రోజు ఏడ్చింది. కళ్ళు ఎలాగూ కారుతూనే ఉన్నాయి గనుక ఐలమ్మకు తెలియలేదు.

చలికాలమంతా ఆ వైరస్ మీద అరవై నాలుగు మందులు పరీక్షించారు. సరళే పలకలు సిద్ధం చేసింది. ఎక్కువ మందులు ఏమీ చేయలేకపోయాయి. పదకొండు మందులు వైరస్‌తో పాటు కణాలనూ చంపేశాయి. మూడింటి గుంటల్లో మాత్రం కణాల పొర చెదరకుండా నిలబడింది. మూడుసార్లు మళ్ళీ చేస్తే మూడింట్లో ఒకటి తప్పుకుంది. మిగిలిన రెండూ కంట్లో వేసే మందులవుతాయో కావో తేలడానికి ఇంకా ఏళ్ళు పడుతుందని లీలావతి అందరికీ ముందే చెప్పి పెట్టింది, ఎవరూ లేనిపోని ఆశలు పెట్టుకోకుండా.

ఆ మాటే సరళ తండాకు పోయి గౌరీబాయికి చెప్పింది. మందు దొరికిందా అని ఆమె అడిగింది గనుక దాచలేదు. ఇంక దొరకలేదు అవ్వా, దొరుకుతదో లేదో గూడ తెల్వదు అంది.  “మా కన్ను మాత్రం పనికొచ్చిందా?” అని అడిగింది గౌరీబాయి. వచ్చిందని చెప్పింది సరళ. అయితే చాయ తాగి పొమ్మని ఆమె లోపలికి లేచింది.

ఇప్పుడు నమూనాల కాగితంలో కొత్తగా ఒక ప్రశ్న చేరింది: కన్ను చివరిసారి ఎప్పుడు కడిగారు, దేనితో కడిగారు. ఎవరి దగ్గరికి పోయినా సరళ ముందు ఈ మాట అడుగుతుంది. శుభ్రంగా ఉండమని మాత్రం ఎవరికీ చెప్పదు. ఫోటోలు తీయబోమని ముందే చెప్పి, ఫోను సంచీలో వేసేస్తుంది.

ఇరవై ఒకటో నంబరు సీసా లాబ్‌లో మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజర్‌లో రెండో అరలో ఉంది. సరళ వారంలో నాలుగు రోజులు కణాల గదిలో పనిచేస్తోంది. మంగళవారాలు మొదటి బస్సుకు మఠంపల్లి పోతుంది. ఆమె కాంట్రాక్టు వచ్చే ఏడాది మార్చి దాకా ఉంది.